ఏడో కిలోమీటరు దగ్గర గీత

బండికి బిగించిన పెట్టె తెరవమని పట్టుబట్టింది జ్వానేనే. చెల్లెలు ఫూమెను మట్టిలో పెట్టి ఒక్కరోజే అయింది. కాన్పు కష్టమైతే, పజిన్ పట్నం వెళ్లి డాక్టరును తెచ్చే పని అతను తోలే గుర్రబ్బండిమీద పడింది. గంటన్నర తిరుగుదారికి రెండు గంటలు దాటింది. బండి తమ ఊరు పిచాన్ కొండెక్కేసరికి బిడ్డ ఏడుస్తోంది, ఫూమె చల్లబడిపోయింది. దారిలో తాగడానికి ఆగి ఉంటాడని ఊరంతా ఒకటే మాట. జ్వానే తాగుడు ఊరెరిగినదే మరి. కానీ ఆరోజు అతను చుక్క ముట్టలేదు.

బళ్ల యజమాని మాట్కో ఆ ఏడాదే ప్రతి బండికీ ఒక గడియారం పెట్టె బిగించాడు. లోపల కాగితం చుట్ట కదులుతుంటే ములికి గీత గీస్తుంది. బండి పరుగెడితే గీత పైకి లేస్తుంది, ఆగితే అడుగున పాకుతుంది. వెనక సీట్లో మనిషి ఉన్నాడా దిగాడా అన్నదానికి కింద ఇంకో గీత, అంచున నిమిషాలు, కిలోమీటర్లు. ఇన్నాళ్లూ దాన్ని చాడీకోరు అని తిట్టిన జ్వానే, ఇవాళ దాన్నే సాక్ష్యానికి పిలిచాడు.

ఫూమె మొగుడు యాకోవ్ కూడా వచ్చి నిలబడ్డాడు. మాట్కో కాగితాన్ని బల్లమీద పరిచాడు. పజిన్ వదలగానే గీత నిలువునా లేచింది. చూశావా అన్నట్టు జ్వానే తలెత్తాడు. ఏడో కిలోమీటరు దగ్గర గీత కిందపడింది. నలభై నిమిషాలు అడుగునే పాకింది. డాక్టరు సీటు గీత మాత్రం చెదరలేదు, ఆయన దిగనే లేదు. జ్వానే కాగితం మీదికి వంగి చూశాడు.

అక్కడ సారాకొట్టు లేదు. గుర్రాలు నీళ్లు తాగే తొట్టి ఒక్కటే ఉంది.

"ఇరుసు విరిగిందా బావా? గుర్రం పడిందా?" అన్నాడు యాకోవ్. "ఏదో ఒకటి చెప్పు. నమ్ముతా."

అబద్ధం జ్వానే నోటిదాకా వచ్చింది. అంతకుముందు రెండు రాత్రులు కన్ను మూయకుండా చెల్లెలి గుమ్మంలోనే కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం మండుటెండ. డాక్టరు ఇంకో కాన్పు చేసి వచ్చి, ఎక్కగానే గురకపెట్టాడు. తనకీ ఒక్క క్షణం కన్ను మూతపడిందనే అనుకున్నాడు జ్వానే. తెరిచేసరికి గుర్రాలు తొట్టి దగ్గరున్నాయి. మూతులు పొడిగా ఉంటే, ఇప్పుడే ఆగాయి, ఇంకా తాగలేదనుకుని, ఆలస్యం కాకూడదని కొరడా ఝళిపించాడు. అవి ఎప్పుడో తాగేశాయి, మూతులు ఆరిపోయాయి కూడా. అక్కడ ఆగి సేదతీరడం మూడేళ్లుగా వాటికి నేర్పింది అతనే.

"నిద్రపోయాను," అన్నాడు.

కొడతాడనుకున్నాడు. యాకోవ్ చెయ్యెత్తలేదు.

"తాగి ఉన్నా బాగుండేది బావా. నిన్ను తిట్టుకుంటూ బతికేవాణ్ని," అని ఆ బల్ల పక్కనే కూలబడ్డాడు.