జాగ్రత్తగా వాడాలి

కుర్చీలూ బల్లలూ అద్దెకిచ్చే ఆ ఆఫీసులో, అందరూ అక్కయ్య అని పిలిచే ఆవిడకు తెలియని సంగతి లేదు. మిగతావాళ్లకు తెలిసిన సంగతీ పెద్దగా లేదు. ఆర్డర్లు నడిపే సాఫ్ట్‌వేర్ ఆవిడ చేతుల మీదుగానే పుట్టింది. ఏ బటన్ నొక్కితే గోడౌన్లో ఏం కదులుతుందో అంతా ఆవిడ బుర్రలోనే ఉండేది. అందుకే ఆవిడ సెలవు పెట్టిన రోజున కూడా "అక్కయ్యా, ఒక్క నిమిషం" అంటూ ఫోన్ మోగేది. ఆ ఒక్క నిమిషం అరగంటకు గానీ తెమిలేది కాదు. "అబ్బబ్బ, నేను లేకపోతే మీకు తెల్లారదా?" అని ఆవిడ విసుక్కునేది. విసుక్కుంటూనే లోలోపల మురిసిపోయేది కూడా. ఉన్నమాట చెప్పుకోవాలిగా!

ఇప్పుడా పనులకు ఒక ఏఐ ఏజెంటును పెట్టారు. కస్టమరు రాసింది చదువుకుని, ఒక్కో పనికి ఒకటి చొప్పున అక్కయ్య తయారుచేసిన టూల్స్‌లో ఏది కావాలో అదే ఎంచుకుని వాడుతుంది. ఏ టూల్ ఏం చేస్తుందో రాసిపెట్టడం మాత్రం అక్కయ్య పని. దాని మర్యాద చూసి ఆఫీసువాళ్లు దానికి కొత్తల్లుడని పేరు పెట్టారు.

"కొత్తల్లుడికి గురువారం పరీక్షమ్మా. ఇరవై ఆర్డర్లూ సరిగ్గా చేస్తే శుక్రవారం నీకు సెలవు. ఒక్కటి తప్పినా నువ్విక్కడ ఉండాల్సిందే" అన్నాడు పెద్ద మేనేజరు.

శుక్రవారం ఆవిడ కూతురికి ఈత పోటీ. పదేళ్ల పిల్ల. "ఈసారైనా నేను ఈదేది చూస్తావా?" అని అడిగితే, చూస్తానని అక్కయ్య ఒట్టేసి మరీ చెప్పింది.

బుధవారం ముందుగా ఒకసారి నడిపి చూశారు. పంతొమ్మిది ఆర్డర్లు చకచకా అయిపోయాయి. ఇరవయ్యో దాంట్లో, వంద కుర్చీలు చెప్పినవాడు నలభై వద్దన్నాడు. కొత్తల్లుడు "వదులు" అనే టూల్ తీసుకుని, అతని పేర పట్టి ఉంచిన వందా వదిలేసి, మళ్లీ అరవై పట్టబోయాడు. ఖాళీగా ఉన్న కుర్చీలు సున్నా అని వచ్చింది. "క్షమించండి, మా దగ్గర కుర్చీలు లేవు" అని కస్టమరుకు ఎంతో వినయంగా రాసేశాడు. గోడౌన్లో చూస్తే కాలు పెట్టే సందు లేకుండా కుర్చీలే!

మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. అక్కయ్యకు ఒళ్లు మండింది. "ఆ టూల్ దగ్గర జాగ్రత్తగా వాడాలని రాశాను కదా, చూడలేదా?" అని టకటకా టైపు చేసింది.

జవాబు వచ్చింది. "చూశానండి. అందుకే ఆర్డరు నంబరు రెండుసార్లు సరిచూసుకున్నాను. ఇంకా ఏ విషయంలో జాగ్రత్త పడాలో అక్కడ లేదండి. చెబితే అలాగే చేస్తాను."

మేనేజరు పకపకా నవ్వాడు. అక్కయ్య తను రాసిందంతా మొదట్నుంచీ చదువుకుంది. "అవసరాన్ని బట్టి" అట. "తగినట్టుగా" అట. "మామూలు పద్ధతిలో" అట. ఎవరి మామూలు? ఆవిడ మామూలే! వదిలాక లెక్క మారడానికి పది నిమిషాలు పడుతుందని ఆరేళ్లుగా ఎక్కడా రాయలేదు. మర్చిపోయిందా అంటే అదీ కాదు. రాసేస్తే ఇక ఫోన్ ఎవరు చేస్తారు? ఆ మాట తనకు తాను ఒప్పుకునేసరికి ఆవిడకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కూర్చుని ఒక్కో టూల్ గురించీ మళ్లీ రాసింది. "ఇది ఆర్డరు మొత్తాన్ని వదిలేస్తుంది. కొన్నే తగ్గించాలంటే ఇది వాడొద్దు, 'తగ్గించు' వాడు. వదిలాక లెక్క మారడానికి పది నిమిషాలు పడుతుంది. ఆలోపు సున్నా కనిపించినా సరుకు లేదని చెప్పొద్దు. ఆ తర్వాత కూడా సున్నానే ఉంటే నన్ను అడుగు."

ఆ చివరి మాట దగ్గర చెయ్యి ఆగింది. "నన్ను" కొట్టేసి "గోడౌన్‌వాళ్లను" అని రాసింది. సొంత పన్ను తనే పీక్కున్నట్టయింది పాపం.

గురువారం ఇరవైకి ఇరవై! "ఇంకా చూస్తావేం, వెళ్లు" అన్నాడు మేనేజరు.

శుక్రవారం ఈతకొలను దగ్గర అక్కయ్య మొదటి వరసలో కూర్చుంది. మూడుసార్లు సంచీలోంచి ఫోన్ తీసి చూసుకుంది. ఒక్కరూ చేయలేదు. హమ్మయ్య అనుకుంది, వెంటనే మనసు చివుక్కుమంది కూడా. ఇంతలో ఈల వేశారు. ఇక ఫోన్ సంగతే గుర్తు లేదు. పిల్ల ఈదుతున్నంతసేపూ గొంతు పోయేలా అరిచింది.

పిల్ల నాలుగోదిగా వచ్చింది. గోడ పట్టుకుని, ఈత కళ్లద్దాలు పైకి తోసి, ముందు గేటు వైపు చూసింది. ప్రతి పోటీకీ వాళ్లమ్మ ఉండేది అక్కడే, ఫోన్ చెవికి ఆనించుకుని, అటు తిరిగి. ఇవాళ అక్కడ ఎవరూ లేరు. పిల్ల మొహం చిన్నబోయింది.

"ఒసేయ్, ఇటే! ఇక్కడున్నా!" అని అరిచింది అక్కయ్య.

పిల్ల తిరిగి చూసింది. ఎదురుగా అమ్మ. చేతిలో ఫోన్ లేదు. రొప్పుతూ, నిజంగానే భయపడిపోతూ అడిగింది.

"ఏంటమ్మా, నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారా?"