పిన్నీసు, అరటిపండు

సునంద తాళికి వేలాడే పిన్నీసును రెండేళ్ల హన్సిక లాక్కొని మింగేసింది. ఎక్స్‌రేలో అది కడుపులో నోరు తెరుచుకుని కనబడింది. పసిపిల్లల గొంతులో పట్టే సన్నని కెమెరా గొట్టం ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. ఖరీదెక్కువని మూడు ఊళ్ల ఆసుపత్రులు కలిసి కొన్నాయి. అది రోజూ కారులో తిరుగుతుంది: పొద్దున ప్రొద్దుటూరు, మధ్యాహ్నం జమ్మలమడుగు, సాయంత్రం పులివెందుల.

పొద్దున్నే ప్రొద్దుటూరు ఆసుపత్రిలో, గొట్టం వేసేదాకా పాపకేమీ పెట్టొద్దని నర్సు చెప్పింది. అయితే అత్త తిరుపాలమ్మ ఊరుకోలేదు. "అరటిపండు చుట్టుకుంటే మెత్తగా దిగిపోతాది. మన మేకపిల్ల ఇనప మొల మింగితే అట్లనే గదా పెడితిమి," అంది. సునంద వరండాలో చాటుగా సగం పండు తినిపించింది.

మత్తు డాక్టరు వచ్చాడు. "ఏమ్మా, పాపకేమన్నా పెట్టినావా?"

నిజం చెబితే ఈ పూట చెయ్యరు, గొట్టం జమ్మలమడుగు వెళ్లిపోతుంది. పిన్నీసూ తనదే, పండు పెట్టిన చెయ్యీ తనదే.

"పెట్టినా సార్. సగం అరటిపండు. నా బుద్ధి గడ్డి తినింది."

"నువ్వు చెప్పకపోయుంటే, మత్తులో కక్కుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోయుండేది. ఇప్పుడు చెయ్యలేం. సాయంత్రానికి కడుపు ఖాళీ అవుతాది, పులివెందులలో తీస్తాం. గొట్టం పోయే కారులోనే మాతో రాండి."

"నోరు మూసుకోనుంటే ఈపాటికి అయిపోయుండు గదమ్మే," అని తిరుపాలమ్మ గొణిగింది.

సునంద తాళికున్న మిగతా పిన్నీసులన్నీ తీసి అత్త చేతిలో పెట్టి కారెక్కింది. జమ్మలమడుగు దాటాక పాప పండు కావాలని ఏడ్చింది. సునందా ఏడ్చింది గాని, పెట్టలేదు.