తొమ్మిది జీవముల మంద

భాద్రపదమాసాంతమున నాలుగు దినములు విడువక కురిసిన వాన వెలిసిన మఱునాటి యుదయమున కనిగిరి ప్రాంతపు టెఱ్ఱనేలలపై సూర్యకిరణములు వ్యాపింపగా తుమ్మముండ్ల కొనలయందు నిలిచిన నీటిబిందువులు మిలమిల మెఱయుచు గట్లపై మొలచిన లేబచ్చిక గాలికి తలలూచుచు గుంటలలోని కప్పల బెకబెకలు దిక్కులు నిండించుచు చూపఱకు కన్నులపండువుగా నుండెను. ఇట్టి శోభను వర్ణించువారు సాధారణముగా అరుగుమీద నిలిచి చూచినవారే కాని బురదలో మంద తోలినవారు కారు. గొఱ్ఱెలకాపరికి ఆ లేబచ్చిక కడుపుబ్బరమును ఆ తడినేల గిట్టలపుండును ఆ గుంటలు దోమలను వానివెంట రోగమును తెచ్చునవియే గావున అతడు వెలిసిన వానను చూచి సంతోషింపడు.

ఆ యుదయమున మాలకొండయ్య యను గొల్ల తన మందను భార్య తిరుపతమ్మ కప్పగించి గొంగడి మడిచి గుడిసెచూరున చెక్కి యుతికిన పంచె కట్టి కూతురు గంగాభవానితోగూడ పట్టణమునకు పోవు బస్సెక్కెను. పశువైద్యకళాశాలలో చేరగోరువారికి సీట్లు పంచి యిచ్చు కౌన్సెలింగు నాటి మధ్యాహ్నమే జరుగనుండెను.

గంగాభవానికి పదునెనిమిదేండ్లు. పదునొకండవయేట నొక చూడిగొఱ్ఱె యీనలేక రెండుజాములు నేలబడి తన్నుకొనుచుండగా పెద్దలందఱు ఆశ విడిచి కత్తి తెమ్మన్న సమయమున తన చిన్నచేతికి ఆముదము పూసికొని గర్భమున నడ్డము తిరిగిన పిల్లకాలు సవరించి వెలుపలికి తీసి తల్లిని పిల్లను బ్రదికించిన బాలిక ఆమెయే. నాటినుండి చుట్టుపట్ల నాలుగూళ్ల మందలలో నే గొఱ్ఱె యీనలేకున్నను మాలకొండయ్య కూతురికి కబురు వచ్చుచుండెను. ఆమె కోరిక యొక్కటే. చేతితో చేయుచున్న పనిని చదివి చేయవలెను. అందుకై రెండేండ్లు హాస్టలులో నీళ్లచారుతో మెతుకులు మ్రింగి యింటరు ముగించి ప్రవేశపరీక్షయందు మంచి ర్యాంకు సంపాదించెను. ఆ ర్యాంకునకు సాధారణపు సీటు రాకున్నను మందలు పెంచుకొని బ్రతుకువారి బిడ్డలకై వేఱుగా నుంచిన సీట్లలో నొకటి తప్పక వచ్చునని అధ్యాపకులు చెప్పియుండిరి. ఇంటికి ముప్పది జీవములకు తక్కువగాని మంద కలదని పశువుల లెక్కలపుస్తకమునుండి తీసిన ధ్రువపత్రమొక్కటి చాలును. మాలకొండయ్య మందలో నూటికి పైబడి జీవములుండుట యూరెఱిగిన సంగతియే గావున పశువైద్యశాలవారు మూసి యిచ్చిన కవరులో నేమున్నదో విప్పి చూడవలెనని తండ్రికి తోచలేదు. కూతురికిని తోచలేదు.

బల్లవెనుక గూర్చున్న అధికారి కవరు చించి కాగితము చదివి కంటియద్దములు సవరించుకొని మఱల చదివెను.

"మీకు తొమ్మిది గొర్రెలే ఉన్నాయి కదమ్మా. ముప్పై ఉండాలి. ఈ కోటా మీకు వర్తించదు."

"తొమ్మిది కాదు సార్, నూట ఇరవై ఉండాయి. కావాలంటే ఎవరినన్నా పంపించి చూసుకోండి."

"గొర్రెల వెంట తిరగడం మా పని కాదు. కాగితంలో ఏముంటే అదే. కొంచెం పక్కకు జరగండి."

ఆమె ప్రక్కకు జరిగెను. జరుగక యేమి చేయును? వెనుకనున్న యువకునికి ఆ సీటు దక్కెను. వాని పత్రమున రెండువందల జీవములుండెను. వరుసలో నిలిచియున్నతఱి ఆ యువకుడే గంగాభవానిని చూచి గొఱ్ఱె కఱచునా దాని పైపండ్లు వాడిగా నుండునా యని యడిగియుండెను. గొఱ్ఱెకు పైవరుసన ముందుపండ్లే యుండవని యెఱుగనివాని యింట రెండువందల గొఱ్ఱెలెట్లు పెరిగెనో ఆ బల్లవద్ద నడిగినవాడు లేడు. కాగితముపై మేయు గొఱ్ఱెలకు మేత యక్కఱలేదు రోగము రాదు పండ్లు నుండనక్కఱలేదు. ఉన్న మంద లేనిదై లేని మంద యున్నదై నట్టనడి పగటివేళ నలుగురి కన్నులయెదుట నొక బ్రతుకు తాఱుమాఱగుచుండ దీనిని నియమమనియు న్యాయమనియు పిలుచువారి నోట మన్ను పడ.

తిరుగుప్రయాణమున గంగాభవాని కిటికీప్రక్కను కూర్చుండి ఒక్క కన్నీటిబొట్టైనను రాల్పలేదు. ఏడ్చినచో తండ్రికి కొంత నయముగా నుండెడిది. మూడూళ్లు దాటినపిమ్మట ఆమె మొగము త్రిప్పకయే యడిగెను.

"నాయనా, లెక్కలోళ్ళు వచ్చినప్పుడు ఎన్నని చెప్పావు?"

"తొమ్మిదని చెప్పా."

"నూట ఇరవై పెట్టుకొని తొమ్మిదంటావా?"

"నోటితో లెక్క చెప్తే మంద దిగిపోద్ది తల్లీ. మా నాయన చెప్పలా, వాళ్ల నాయనా చెప్పలా. ఎవురడిగినా తక్కువే చెప్పాల. ఆ లెక్క పోయి నీ సదువుకి అడ్డం పడుద్దని నాకేం తెలుసు."

"నీ మంద బాగానే ఉందిలే. దిగిపోయింది నేను."

ఆ మాటకు మాలకొండయ్య తలవంచుకొని తన గోళ్లను చూచుకొనుచు గూర్చుండెను. అతడు లాభమునకై యబద్ధమాడినవాడు కాడు. మందను వ్రేలు చూపి లెక్కింపరాదనియు సంఖ్యను నోట పలుకరాదనియు పలికినచో దృష్టి తగిలి రోగము పుట్టి మంద సగమగుననియు ఆ ప్రాంతపు గొల్లలలో తాతలనాటి నమ్మకము కలదు. లెక్కింపకయే వారు ప్రొద్దుగ్రుంకువేళ దొడ్డివాకిట నిలిచి లోనికి పోవు మొగములు చూచి యొక్కటి తక్కువైనను పసిగట్టుదురు. మాలకొండయ్య తన ప్రతిజీవమును పేరుపెట్టి పిలువగలవాడు. ఇదియంతయు గంగాభవాని యెఱుగును. ఎఱిగినంతమాత్రమున కోపము చల్లారునా? దూరమున బల్లవెనుక గూర్చున్నవానిని కోపము చేరలేదు. దగ్గఱనున్న తండ్రియే దానికి దొరికెను.

ఇల్లు చేరినది మొదలు ఆమె మందవైపు కన్నెత్తి చూడలేదు. దొడ్డి యూడ్వలేదు. తల్లిలేని పిల్లలకు పాలు పట్టలేదు. పుస్తకములను గోనెసంచిలో కుక్కి యటకపై పడవేసి గుడిసెమూల మోకాళ్లపై గడ్డమానించి కూర్చుండెడిది. ఓదార్చుటకు వచ్చినవారికి మాత్రము కొదవ లేకుండెను. నొసట వ్రాసిపెట్టి లేదని యొకరు ఆడుపిల్లకు గొఱ్ఱెల డాక్టరు చదువేల టీచరు చదువు చాలదా యని యొకరు చేతులు కాలినపిమ్మట ఆకులు తెచ్చి చేతబెట్టిపోయిరి. ఊరటయను పేరుతో లోకులు చేయు పని తఱచుగా నింతియే. పోయినది పెద్దది కాదని పోగొట్టుకొన్నవారికే నచ్చజెప్పజూతురు.

ఇట్లు పక్షము గడచెను. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు ఆశ్వయుజమాసమున నీలినాలుక రోగము మందలో బ్రవేశించెను. మొదట నొక పల్లజాతి తెల్లగొఱ్ఱె మేత మానెను. మఱునాటికి పదునొకండు జీవములు మూతులు వాచి నోళ్లు పుండ్లై చొంగ కార్చుచు కుంటుచు నేలకొఱగెను. మూడవనాటి ప్రొద్దున నాలుగు చచ్చిపడియుండెను. మాలకొండయ్య చచ్చిన జీవముల చెంత కూలబడి కూతురిని చూచి యనరాని మాట యనెను.

"పట్నంలో నూట ఇరవై అని నోరారా అన్నావు. అందుకే వచ్చింది ఇది."

గంగాభవాని చెప్పులైన తొడుగక రెండుకోసుల దూరము నడచిపోయి పశువైద్యశాల తలుపు తట్టి డాక్టరు మస్తాన్‌వలిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆయన యిరువదేండ్లుగా ఆ చుట్టుపట్ల పనిచేయుచున్న వృద్ధుడు. పశువుల లెక్కలు వ్రాసికొనిపోయినవాడును ధ్రువపత్రముపై సంతకము చేసినవాడును ఆయనయే. ఆయన జీవముల నోళ్లు తెఱచి చూచి నిట్టూర్చి తన పుస్తకము విప్పెను.

"దీనికి వానలకు ముందే టీకా వచ్చిందమ్మా. మీ మందకు తొమ్మిది వచ్చాయి. లెక్కలో ఎన్నుంటే అన్నే పంపిస్తారు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు."

"ఏ తొమ్మిదింటికి వేయించావు నాయనా?"

మాలకొండయ్య వ్రేలు చూపెను. ఆ తొమ్మిదియు గట్టుమీద తలలు వంచి నిశ్చింతగా మేయుచుండెను. అతడు వానిని చూచెను. చచ్చిన నాలుగింటిని చూచెను. దృష్టి తగులునని తాను దాచిన సంఖ్యయే తన మందకు మిత్తియైనదని గ్రహించుటకు చదువక్కఱలేదు.

గంగాభవాని తండ్రినప్పటికి విడిచి డాక్టరువైపు తిరిగెను.

"సార్, మా మందని మీరు కళ్ళారా చూశారా లేదా?"

"చూశా."

"చూసి తొమ్మిదని ఎట్టా రాశారు?"

"మీ నాయన చెప్పింది రాశా. ఇక్కడందరూ అట్టాగే చెప్తారు, అందరివీ అట్టాగే రాస్తా. కాదని నేను లెక్కబెడితే ఊరంతా నా మీదికి వస్తారమ్మా. ఆ కాగితానికి ఇంత పనుంటదనుకోలా."

"మా నాయన భయపడి చెప్పాడు. మీరు బద్ధకించి రాశారు. ఆ పట్నమాయన చూడకుండా నమ్మాడు. ముగ్గురూ కలిసి నన్నూ ఈ జీవాల్నీ ఒకే గుంటలో పూడ్చారు. మందులు తీయండి."

వయసున తనకు తాతయగువానితో నిట్లు మాటలాడవచ్చునా యని యడుగువారుండవచ్చును. అట్లడుగువారు ఆనాడు ఆ దొడ్డిలో లేరు. మస్తాన్‌వలి తల దించుకొని సంచి విప్పి మందులు తీసెను.

నాటినుండి పదునాలుగు దినములు ఆమె కోపమంతయు చేతులలోనికి దిగెను. వాచిన నోళ్లను గులాబిరంగు మందునీటితో కడిగి పుండ్లకు మందు కలిపిన గ్లిజరిను పూసి మేయలేనివానికి చల్లార్చిన రాగియంబలి వెదురుగొట్టముతో కొంచెము కొంచెముగా త్రాపించి పుండుపడిన గిట్టలను తుడిచి కట్టుకట్టి దోమలు వ్రాలకుండ సందెవేళలందు వేపాకుపొగ వేయుచు నిలువుకాళ్ల పరిచర్య చేసెను. తండ్రి జీవములను పట్టుకొనుచుండెను. అన్నిదినములలో నామె అతనితో పలికినవి రెండే మాటలు. ఒకటి పట్టుకో. రెండవది వదులు. తిరుపతమ్మ ఆ యిరువుర నడుమ అన్నపుకంచములు మోయుచు తిరుగుచుండెను. చచ్చునవి చచ్చెను. బ్రతికినవి మెల్లమెల్లగా మేతకు మూతి చాపెను.

రోగము తగ్గిన వారమునకు మస్తాన్‌వలి పుస్తకము పట్టుకొని తనంతట తానే వచ్చెను. ఎన్ని మిగిలినవని యడుగబోవునంతలో మాలకొండయ్య ముందుకు వచ్చి దొడ్డివాకిలి తడిక నొక మనిషి పట్టునంత తెఱచి ఒక్కొక్కదానిని వెలుపలికి విడుచుచు తలపై చేయివేసి బిగ్గఱగా లెక్కింపసాగెను. తొమ్మిదివఱకు కంఠము సరిగానే పలికెను. పదవదాని తలపై చేయి నిలిచి మాట నిలిచెను. తాతముత్తాతలందఱు వచ్చి తన నోరు మూయుచున్నట్లతనికి తోచియుండును. ప్రక్కనున్న కూతురు సాయము చేయలేదు. కొంతసేపటికి అతడు పది యనెను. ఆపై నాగక తొంబదినాలుగుదాక లెక్కించి డాక్టరు చూపినచోట వ్రేలిముద్ర వేసెను. పుట్టినది మొదలు చేయరాదని విన్న పనిని ఆ మనుష్యుడు కూతురికొఱకు చేసెననుట నిజము. ఆలస్యముగా చేసెననుటయు నిజమే. ఆ సంవత్సరపు సీటులో అప్పటికే యింకొకడు కూర్చుండి చదువుచుండెను.

"ఈ కాగితం వచ్చే ఏడు పనికొస్తదమ్మా. పరీక్ష మాత్రం మళ్ళీ రాయాల" అని మస్తాన్‌వలి చెప్పెను.

మాలకొండయ్య తడిక మూసి కూతురివద్దకు వచ్చి నిలిచెను.

"ఇప్పుడన్నా నీ కోపం పోయిందా తల్లీ?"

"పోలా నాయనా. పోనియ్యను కూడా. వచ్చే ఏడు పరీక్ష దాకా నాకది కావాల."

అని పలికి గంగాభవాని డాక్టరు చేతిలోని పుస్తకము తాను పుచ్చుకొని పాత పుట త్రిప్పి ప్రక్కమంద కాపరి యేడు జీవములని వ్రాయించిన పంక్తిని వ్రేలితో చూపి పదండని ముందు నడచెను. మస్తాన్‌వలి వెంట నడచెను. ఆ వారములో ఆమె యూరిమందలన్నిటి వాకిళ్లయందు నిలిచి తిట్టినవారిచేత తిట్లు తిని బ్రతిమాలినవారి బ్రతిమాలుట వినక చచ్చిన జీవముల పేర్లు చెప్పి యడిగి యడిగి నిజము పలికించినదాక కదలలేదు. ప్రొద్దు పొడిచినపిమ్మట ఈ పనియు ప్రొద్దు పొడువకమున్ను చదువును సాగెను. సీటు సంగతి వచ్చు సంవత్సరము తేలవలసినది. అది యీ కథకునికిని తెలియదు.

కోపము పాపకారణమని పెద్దలు చెప్పుదురు. మఱుసటి వానలకు ముందు ఆ యూరి ప్రతిమందకు టీకాలు సరిపడ వచ్చుటకు కారణము మాత్రము అదియే.