అరుంధతి కడ్డు నిలిచిన కోక

శిశిరమున ఫాల్గుణమాసారంభమున సంధ్యారాగము పడమటి కొండల మాటున నణగుటయే తడవుగా గాజువాక పరిసరముల కార్ఖానాగొట్టముల యెఱ్ఱనికాంతియు వీథిదీపముల తెల్లనివెలుగును మేడలమీది ప్రకటనఫలకముల నానావర్ణప్రభలును ఒక్కటై మింటి నావరించి కల్లుకుండకు గుడ్డ గట్టినట్లు నక్షత్రలోకమును మూసివేయుచుండెను. చీకటి యనునది యా పట్టణమున బీదవాని మాటవలె నెవ్వరికిని బట్టనిదై పోయెను.

అట్టి వెలుగువెల్లువ నడుమ నొక యింటి పెరటిలో లేతుయంత్రముపై నినుము చెక్కు పనివాడైన అప్పలనరసయ్య ముక్కాలిపీటపై కెమెరా నిలిపి యీశాన్యమునకు గురిపెట్టి వీథిదీపములను వానిని పాతినవారిని వానిక్రింద నవ్వుచు బోవువారిని లోలోన దిట్టుకొనుచు నిలిచియుండెను. ఐదవతరగతితో జదువాగిన యాతనికి ఏబదియేండ్లు నిండెను. భార్య వరహాలమ్మ గతించి యేడాది కావచ్చెను. సంవత్సరీకము నాటికి అరుంధతీనక్షత్రమును బొమ్మలో బట్టి యామె పటము చెంత నిలుపవలె ననునదియే యాతని పట్టుదల.

దానికి గారణము వారి పెండ్లి. మిట్టమధ్యాహ్నపు ముహూర్తమున మండుటెండలో బురోహితుడు వ్రేలెత్తి యరుంధతిని జూడుడనగా నాచారము దప్పరాదని వరుడు చూచితి ననెను. వధువు మాత్రము కన్నులకు జేయడ్డము పెట్టి నింగి యెల్ల వెదకి "నాకేటీ అవుపళ్లేదండీ బాబూ" అనెను. పందిరి యెల్ల నవ్వెను. తల్లి తొడపాశము పెట్టినను ఆమె మాట మార్చలేదు. నాటినుండి కాపురమున నే చిన్న తగవు వచ్చినను ఆమె యాయుధ మదియే.

"మట్టమద్దేనం సుక్కని సూసినోడివి, రాత్రేల ఓపాలి నాకు సూపించలేవేటి?"

ఆతడు రేపు చూపెద ననెడివాడు. రేపటికి రూపు లేదన్నట్లు ఏటేట దీపములు పెరిగెను గాని వసిష్ఠుని చెంత నణగియుండు నా చిన్నితార కంటికి జిక్కలేదు. ఆమె చూడకయే పోయెను.

ఫోటోస్టూడియో నడుపు సూరిబాబు వరహాలమ్మకు దమ్ముడు. వెలుగు నిండిన మింటిని జాలసేపు తీసినచో బొమ్మ పాలవలె దెల్లబడుననియు క్షణములలో ముగియు బొమ్మలు పెక్కింటిని దీసి చుక్కపై జుక్క కలియునట్లు కంప్యూటరులో బేర్చినచో లేనట్లున్న తార యున్నదగుననియు నాతడే బావకు నేర్పెను. అట్లు పేర్చి చూడగా వసిష్ఠారుంధతులుండవలసిన తావున ముసుగుపెట్టుకొన్న తెల్లని యాడుమనిషి నిలిచియుండెను. నరసయ్య పెరటిలోనికి బరుగెత్తెను.

అది దండెముపైని కోక. కుప్పగూలిననాటి యుదయమున వరహాలమ్మ తన చేత నుతికి యారవేసినది. నాటినుండి నరసయ్య దాని నెవ్వరిని ముట్టనిచ్చినవాడు కాడు. ఎండకు వెలిసి వానకు నాని గాలి కూగుచు నది ప్రతిబొమ్మలోను గొంత కదలి యా పేర్పులో మానవాకృతి దాల్చెను.

"బావా, అప్ప కోక అడ్డొస్తంది. తీసీసి తియ్యి, సుక్క దానికదే అవుపడతాది."

నరసయ్య వినలేదు. దినదినము తీసెను. దినదినము నామె నిలిచెను. తుదకు సంవత్సరీకమునకు ముందునాటి సాయంకాలమున త్రుప్పుపట్టిన క్లిప్పులను బెఱికి కోకను భుజముపై వేసికొని మరల దీసెను. ఆ కోకకు సబ్బువాసన లేదు. ఉన్నది దుమ్మువాసన. దండెము వట్టిదైనందున పెరడెల్ల పరులదివలె దోచెను.

బొమ్మలకున్న యింగ్లీషు పేర్లు చదువనేరక యాతడు కంప్యూటరులోని పాతబొమ్మలను గ్రొత్తబొమ్మలను గలిపి పేర్చెను. తెరపై నా స్త్రీరూపము మరల దేలెను. కాని యీమా రది పొగవలె బలుచనైయుండెను. దానిగుండ ముఖముండవలసిన తావున వసిష్ఠుడును వానిచెంత సూదిమొనయంత యరుంధతియు మినుకుమినుకు మనుచుండెను.

సూరిబాబు చూచి నిట్టూర్చెను.

"పాత బొమ్మలు కలిసిపోనాయి బావా. ఏరీసి మల్లీ పేరుస్తానుండు."

నరసయ్య వాని చేయి పట్టుకొనెను.

"ఓపాలి తీసినాన్రా. మల్లీ దాన్ని తియ్యమనకు."

మరునాడు కర్మ ముగిసి బంధువులు వెడలిన పిదప దీపములు వెలుగువేళ నాతడు పటము చెంత నా బొమ్మను నిలిపి మెల్లగా "ఇప్పుడవుపడిందా?" అని యడిగెను. చూడనిదానిని జూచితి ననుటకు నిమేషము చాలును. చూడలేదన్నవారికి జూపుట కొక జన్మము చాలదు. ఆమె బదులు తాను పలుకుట కాతనికి నోరాడలేదు. వరహాలమ్మ కల్లలాడ నెఱుగదు. కావున నాతడు వట్టిదండెమువంక జూచుచు నామె వెదకి చెప్పువఱకు గాచుకొని కూర్చుండెను.