నలుపు విప్పే వేళ

ఈస్టర్ ముందటి శనివారం పొద్దున ఆరాధన మొదలైనప్పటినుంచీ సెరాఫిమాకు కాలు నిలవడం లేదు.

చర్చిలో పీఠాల మీద పరిచే గుడ్డలు కుట్టడం, ఉతకడం, వేళకు మార్చడం ఆమె పని. ఉపవాసాల రోజులన్నీ ఊదా, ప్రభువు సమాధిలో ఉన్న రోజు నలుపు, ఈస్టర్ వారానికి ఎరుపు. ఈ శనివారం ఆరాధన నడుమ ఫాదర్ ఇన్నొకెంతి లోపలికి వెళ్లి, నల్ల అంగీ విప్పి తెల్లది తొడుక్కుని వస్తారు. ఆలోగా ఆడవాళ్లు నల్ల గుడ్డలు తీసేసి తెల్లవి పరచాలి. ఒకప్పుడు ఆ క్షణానికి సెరాఫిమాకు ఒళ్లు జలదరించేది. కొన్నేళ్లుగా చేతులు పని చేస్తున్నాయే గానీ లోపల ఏదీ కదలడం లేదు. నలుపు తీశాం, తెలుపు పరిచాం, అంతే. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

తమ్ముడు లావ్రెంతి మాత్రం పసిగట్టాడు. గురువారం తేనెపెట్టెలు చూసుకోవడానికి కొండవాలుకు పోతూ, ఇస్త్రీ చేస్తున్న ఆమె పక్కన ఆగాడు.

"నువ్వు గుడ్డలు మార్చకపోతే మీ దేవుడు లేవడా ఏంటక్కా?"

"పోరా. పోయి అక్కడే ఉండు, మళ్లీ రాకు" అందామె.

శుక్రవారం, ఆప్రికాట్ చెట్లు నిండా పూసి ఉండగా, మంచు కురిసింది. తమ్ముడి ఫోను మోగడం మానేసింది.

ఇప్పుడు ఆమె కిటికీ వైపే చూస్తోంది. పక్కనున్న కపితోలినా మోచేత్తో పొడిచింది.

"ఏంటే, చీమలు కుడుతున్నాయా?"

"వాణ్ణి మళ్లీ రాకు అన్నాను."

"కోపంలో ఎన్నో అంటాం. కాసేపు నిలబడు, గుడ్డలు మార్చాలి."

"నువ్వు మార్చు" అంటూనే సెరాఫిమా బయటికి నడిచింది.

పొరుగింటి టోక్తోసున్ గుర్రాలు పెంచేవాడు. సంగతి వినగానే రెండింటికి జీను కట్టాడు.

"గుర్రం ఎక్కి ఎన్నాళ్లయింది, అక్కా?"

"పెళ్లికి ముందు ఎక్కాను."

"దానికి దారి తెలుసులే. నువ్వు జీను మాత్రం వదలకు."

సగం వాలు ఎక్కాక భుజాన సంచి వేలాడుతున్నట్టు గమనించింది. తెల్ల గుడ్డలు అందులోనే ఉన్నాయి. ఆమె కళ్లెం లాగి ఆగింది.

"వెనక్కి పోదామా?" అన్నాడు టోక్తోసున్.

కింద చర్చి గుమ్మటం చిన్నగా కనిపిస్తోంది. పైన అంతా మంచు. "పైకే పద" అందామె.

లావ్రెంతి తేనెపెట్టెల బండి కింద ముడుచుకుని ఉన్నాడు. పెట్టెల మీది మంచు దులపబోయి జారిపడ్డాడట. పిక్క ఎముక విరిగింది, ఫోను మంచులో పోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి.

"నిద్రపోకు. లే. లేవరా, లావ్రెంతీ" అంటూ ఆమె చెంపల మీద కొడుతూనే ఉంది.

టోక్తోసున్ ఒక ఖాళీ పెట్టె పగలగొట్టి రెండు చెక్కలు తీశాడు. "కట్టడానికేమైనా కావాలి" అన్నాడు.

ఆమె సంచిలోంచి తెల్ల గుడ్డ తీసి, ఆగింది.

"అది మీ దేవుడిది కదక్కా. నా చొక్కా చింపుతాలే" అన్నాడు టోక్తోసున్.

"ఈ చలిలో నువ్వూ పడిపోతావు" అని ఆమె అంచు పళ్లతో కొరికి బర్రున చింపింది. కట్టు కడుతూ, కింద చర్చిలో ఈ వేళకు పాడుతుండే పాటను ముక్కలు ముక్కలుగా గొణిగింది. తాను పాడుతున్నానని తనకే తెలియలేదు.

"గొంతు బాలేదక్కా" అన్నాడు లావ్రెంతి కళ్లు తెరవకుండానే.

వాణ్ణి గుర్రం మీదికి ఎక్కించేసరికి ఎండ వచ్చింది. మంచు కరిగి పాయలుగా జారుతోంది. నల్లమట్టి బయటపడుతోంది, వంగిపోయిన తులిప్ పూలు ఒక్కొక్కటే ఎర్రగా తలెత్తుతున్నాయి. సెరాఫిమా కళ్లెం పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లుగా తాను మడతపెట్టి బీరువాలో దాచిన రంగులే ఇవి. గుండె దడదడలాడుతోంది. అది ప్రశాంతత కాదు. భయమూ కృతజ్ఞతా కలగలిసిపోయాయి.

ఆసుపత్రిలో వాడి కాలికి కట్టు వేయించి, ఆమె సాయంత్రానికి చర్చి ఆవరణ చేరింది. జనం పండక్కి ఎర్రరంగు వేసిన కోడిగుడ్ల బుట్టలతో, దీవెన కోసం వరుసగా నిలబడ్డారు. కపితోలినా పరుగున వచ్చింది.

"ఎక్కడ చచ్చావే? సంచి లేదు, ఫాదర్ తెల్ల అంగీతో బయటికొచ్చేశారు. మా ఇంటికి పరిగెత్తి భోజనాల బల్ల గుడ్డ తెచ్చి పరిచాను. దాని మీద టీ మరక. పువ్వులు పెట్టి కప్పేశాను."

ఫాదర్ ఇన్నొకెంతి బుట్టల మీద కుంచెతో దీవెన నీళ్లు చిలకరిస్తూ దగ్గరికి వచ్చారు. బురద పట్టిన ఆమె బట్టలు చూశారు.

"తమ్ముడు?"

"బతికాడు ఫాదర్ గారూ. పీఠం గుడ్డ చింపేశాను."

"ఇంకోటి కుట్టు" అని ఆయన కుంచె ముంచి ఆమె మొహం మీద నీళ్లు కొట్టి, ముందుకు సాగిపోయారు.

అందరి చేతుల్లోనూ బుట్టలున్నాయి. సెరాఫిమా చేతులు ఖాళీ. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తడిసిన మొహం తుడుచుకోకుండానే, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ వాళ్ల మధ్య నిలబడింది.