బూజు కర్ర

ఆ ప్లేస్కూల్లో పెద్దమ్మకు నచ్చిన మనిషి ఒక్కరూ లేరు. ఊడుస్తూ, తుడుస్తూ, పిల్లల ముక్కులు కడుగుతూ పదకొండేళ్లుగా అక్కడే పడి ఉంది కాబట్టి ఎవరి సంగతేమిటో ఆమెకు బాగా తెలుసు. చదువుకున్నవాళ్లు శుభ్రంగా మాట్లాడతారు, శుభ్రంగా సంతకాలు పెడతారు, తాగిన కాఫీ కప్పు మాత్రం కిటికీలో వదిలేసి పోతారు. వాళ్ల మీద ఆమెకున్న గౌరవం ఆ కప్పు దగ్గరే ఆగిపోయింది.

స్కూలు నడిపే మేడమ్ అంటే మరీ ఒళ్లుమంట. పోయిన వేసవిలో ఎక్కడో వ్యానులో పసిపిల్లను మరిచిపోయి తాళం వేశారని, ఎండకు ఆ పిల్ల చచ్చిపోయిందని పేపర్లో వస్తే తల్లిదండ్రులంతా గుంపుగా వచ్చి మేడమ్‌ను నిలదీశారు. మేడమ్ వాళ్లందరికీ చల్లటి నీళ్లిప్పించి, వారం తిరక్కుండా స్కూలు వ్యానుకు ఒక ఎర్ర మీట పెట్టించింది. ఇంజను ఆపగానే వ్యాను కుయ్యి కుయ్యిమని మొదలుపెడుతుంది. అన్నిటికంటే వెనక సీటు పైన ఉన్న ఆ మీట నొక్కేదాకా నోరు మూయదు. నొక్కాలంటే మనిషి వెనకదాకా నడవాలి, నడిస్తే దారిలో సీట్లన్నీ కంటబడతాయి, ఏ పిల్లయినా నిద్రపోయి ఉంటే తెలిసిపోతుంది. ఆ మీటను ఫొటో తీయించి, ఆఫీసు గది గోడకు కొట్టించింది మేడమ్. వ్యానులోకి మాత్రం ఒక్కనాడూ తొంగి చూసిన పాపాన పోలేదు.

వ్యాను డ్రైవరుకు పెద్దమ్మ పెట్టిన పేరు హడావిడి. పిల్లలను దింపగానే ఏదో దుకాణం సరుకులు వేయడానికి స్కూటరెక్కి ఉరకాలి అతనికి. వ్యానులో ఉన్నవి ఐదంటే ఐదు వరసల సీట్లు. ఆ ఐదు వరసలు దాటి వెళ్లి మీట నొక్కి రావడానికి మొదటి వారంలోనే ప్రాణం విసిగింది. రెండో వారం పెద్దమ్మ బూజు కర్ర మాయమైంది. చూస్తే హడావిడి ముందు తలుపు మెట్టు మీద నిలబడి, ఆ కర్రతో మీటను పొడుస్తున్నాడు.

అప్పుడు ఆమె ఏం చేసిందో చెప్పుకోవాలి. కర్ర లాక్కుని నాలుగు చీవాట్లు పెట్టాల్సింది. పెట్టలేదు. కర్ర కొస జారిపోతోందని, నాలుగుసార్లు పొడిస్తే గానీ మీట పడటం లేదని అతను విసుక్కుంటుంటే ఆమెకు నవ్వొచ్చింది. పాత రబ్బరు చెప్పు ముక్క కోసి, కర్ర కొసకు పెట్టి, నీలం గుడ్డపేలికతో బిగించి కట్టింది.

"ఇప్పుడు పొడువు. ఒక్కపోటుకే చస్తుంది," అంది.

మీట ఒక్కపోటుకే పడింది. మేడమ్ గోడకు కొట్టించుకున్న తెలివితేటలను ఎందుకూ పనికిరాని చెప్పుముక్క ఓడించిందని పెద్దమ్మకు ఆ రోజంతా సంబరంగా ఉంది. అప్పటి నుంచి కర్ర సగం రోజులు వ్యానులోనే ఉండేది.

ఇక వ్యానులో పిల్లల వెంట వచ్చే టీచరమ్మ ఒకతె ఉంది. పెద్దమ్మ ఆమెను రిజిస్టరమ్మ అనేది. రిజిస్టరులో ప్రతి పిల్ల పేరుకు ఎదురుగా రెండు గళ్లుంటాయి, ఎక్కింది అని ఒకటి, దిగింది అని ఒకటి. పిల్ల ఇంటి గుమ్మంలో వ్యాను ఎక్కుతుండగానే రిజిస్టరమ్మ రెండు గళ్లలోనూ టిక్కు కొట్టేసేది. స్కూలు దగ్గర చేతిలో ఫోనుంటుంది, మళ్లీ పెన్ను ఎవరు తీస్తారు. ఇంకా ఇంట్లో నుంచి పూర్తిగా బయటపడని పిల్ల కూడా ఆ పుస్తకంలో స్కూల్లో దిగిపోయి ఉండేది.

ఆ రోజు పొద్దున్నే మేడమ్ హాలంతా కలియతిరిగింది. పదకొండింటికి ఫొటోగ్రాఫరు వస్తాడట, కొత్త కరపత్రానికి ఫొటోలు తీస్తాడట. ఆవిడ వేలు పైకెత్తి కప్పు మూల చూపించింది.

"పెద్దమ్మా, ఆ బూజు చూడు. ఫొటోలో పడుతుంది."

నెలరోజులుగా ఉన్న బూజు ఫొటోలో పడితే తప్ప కంటికి ఆనలేదు మహాతల్లికి. పెద్దమ్మ గొణుక్కుంటూ కర్ర కోసం వెళ్లింది. తలుపు వెనక లేదు. తీసుకుపోయినవాడే తెచ్చిపెట్టాలి గానీ తానెందుకు వెళ్లాలని ఆమెకు పంతం వచ్చింది. వంటగది అరుగు మీద కూర్చుని గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు గడిచాయి. ఆ పది నిమిషాల సంగతి సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు.

మేడమ్ రెండోసారి కేక వేశాక లేచింది. మేకుకు ఉన్న వ్యాను తాళం తీసుకుని పెరట్లోకి నడిచింది. తొమ్మిదిన్నర కావస్తోంది. గోడ వారగా ఎండలో వ్యాను నిలబడి ఉంది, అద్దాలన్నీ మూసి. హడావిడిని ఏమని తిట్టాలో దారంతా కూర్చుకుంటూ వెళ్లింది. ఒళ్లు కదపలేని సోమరి అని మొదలుపెట్టి, అతని బొజ్జ మీదుగా, స్కూటరు మీదుగా, వాళ్ల ఆవిడ అతన్ని ఎలా భరిస్తోందో దాకా వచ్చింది.

తలుపు జరపగానే సెగ మొహాన కొట్టింది. వేడి మూకుడు మీద మూత తీసినట్టుంది. కర్ర నడవలో పడి ఉంది. వంగి లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. కొస ఎక్కడో చిక్కుకుంది. చిక్కు విడదీద్దామని తిట్టుకుంటూ లోపలికెక్కి చూస్తే, కొసకు కట్టిన నీలం పేలిక పసుపుపచ్చ సంచి పట్టీలో ఇరుక్కుని ఉంది.

ఆ సంచి ఆమెకు తెలుసు. నత్తది. మూడేళ్ల పిల్ల. మెట్టు మెట్టుకూ ఆగి చీమలను చూస్తుందని, అన్నం మెతుకు మెతుకూ లెక్కపెడుతుందని పెద్దమ్మే ఆ పేరు పెట్టింది.

చివరి సీటుకూ గోడకూ మధ్య సందులోకి జారిపోయి ఉంది నత్త. మొహం ఎర్రగా కమిలిపోయింది. పెదవులు ఎండిపోయాయి. వేసుకున్న చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. సరిగ్గా ఆ తల పైన, గోడకు, ఎర్ర మీట.

పెద్దమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను రెండు చేతులా ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. ఎలా దిగిందో, ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. వంటగది నేల మీద పడుకోబెట్టి, బట్టలు లాగేసి, తడిగుడ్డ ఒళ్లంతా వేసి, పళ్లెంతో విసురుతూ అరిచింది. కాసేపటికి పిల్ల కళ్లు సగం తెరిచి ఏడ్చింది. ఏడుపైతే వచ్చింది గానీ కన్నీళ్లు రాలేదు.

రిజిస్టరమ్మ పరిగెత్తుకొచ్చి చూసింది. వెనక్కి పోయి రిజిస్టరు తెచ్చింది. పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది.

"కానీ దిగినట్టు టిక్కుంది కదా పెద్దమ్మా."

నేల మీద పిల్ల ప్రాణం కొట్టుకుంటుంటే ఆ మనిషి పుస్తకాన్ని సాక్ష్యానికి పిలుస్తోంది. పెద్దమ్మ పళ్లెంతో విసురుతూనే ఉంది.

మేడమ్ వచ్చింది. చూసింది. మొహం పాలిపోయింది, అది నిజమే. కానీ నోటి వెంట మొదట వచ్చిన మాట, "ఫొటోగ్రాఫరు వచ్చేశాడా?" అని.

"ఆస్పత్రికి పదండి," అంది పెద్దమ్మ.

మేడమ్ తన కారులోనే తీసుకెళ్లింది, తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి. ఒంటిగంటకు తిరిగొచ్చింది. గండం గడిచిందని చెప్పింది. ఎండలో ఎక్కువసేపు ఆడిందని డాక్టరుతో చెప్పిందట. పిల్లను ఆఫీసు గదిలో చల్లగాలి కింద పడుకోబెట్టి, తలుపు వేసి, ముగ్గురినీ వరండాలో నిలబెట్టింది.

"చూడండి, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. పిల్లకు కాస్త జ్వరం వచ్చింది, మందు వేశాం, అంతే. వాళ్లమ్మకు నేను చెప్పుకుంటాను. మీరెవరూ నోరు విప్పకండి."

హడావిడి తల ఊపాడు. రిజిస్టరమ్మ తల ఊపింది. పెద్దమ్మ మెడ మాత్రం కదలలేదు.

"నువ్వు చేసిన మేలు నేను మరిచిపోను పెద్దమ్మా," అంది మేడమ్ మెత్తగా. తర్వాత ఇంకా మెత్తగా, "అయినా కర్ర నీదట కదా. ఆ కొసకు ముడి కట్టింది కూడా నువ్వేనని చెప్పాడు. రేపు పోలీసులదాకా వెళ్తే నీకే ఇబ్బంది. వయసు మీద పడ్డదానివి."

హడావిడి నేల చూపులు చూశాడు.

మధ్యాహ్నమంతా పెద్దమ్మ ఆ కర్రను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నీలం పేలిక ముడి మీద వేలు పెట్టి చూసింది. ఎంత గట్టిగా కట్టిందో. మేడమ్‌ను ఏడిపించడానికి కట్టిన ముడి. వీళ్లంతా ఎందుకూ కొరగాని మనుషులని పదకొండేళ్లు అనుకుంటూ వచ్చింది. ఆ లెక్కలో తనను ఎందుకు వదిలేసిందో ఇప్పుడు ఆమెకు అర్థం కాలేదు. చెబితే పని పోతుంది. అద్దెగది పోతుంది. పోలీసులొస్తే ముందుగా చేతికి దొరికేది చీపురు పట్టుకున్న మనిషే. చెప్పకపోతే ఏమీ పోదు. రేపు పొద్దున హడావిడి మళ్లీ ఇంకో కర్ర చూసుకుంటాడు.

అయిదున్నరకు నత్త తల్లి వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది, పొద్దుటి నుంచీ నిలబడి ఉండి కాళ్లు వాచిన మనిషి. మేడమ్ నవ్వుతూ పిల్లను అందించింది.

"కొంచెం జ్వరం తగిలిందమ్మా. సిరప్ వేశాం. ఇప్పుడు బాగానే ఉంది."

"ఏ సిరప్ అండీ? ఎంత పోశారు?"

మందుల షాపు మనిషి అడగకుండా ఉంటుందా. మేడమ్ నీళ్లు నమిలింది. "అదే, పిల్లలకు మామూలుగా వేసేదే," అంది.

తల్లి పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టింది, గొంతు కింద పెట్టింది. "పొద్దున చల్లగానే ఉందే," అని తనలో తాను అనుకుంది. పిల్ల బొంగురు గొంతుతో "అమ్మా, నీళ్లు," అంది. ఆ తల్లి ఇంకేమీ అడగలేదు. నమ్మింది. అలసిపోయినవాళ్లు తొందరగా నమ్ముతారు. పైపెచ్చు మేడమ్‌కు థాంక్స్ చెప్పింది. గేటు వైపు నడుస్తూ పెద్దమ్మను చూసి, "మీరు కూడా చూసుకున్నారట, పుణ్యం పెద్దమ్మా," అంది.

ఆ పుణ్యం అన్న మాట పెద్దమ్మకు చెంపదెబ్బలా తగిలింది.

"ఆగమ్మా," అంది.

అప్పుడే హడావిడి సాయంత్రం ట్రిప్పు ముగించుకుని వచ్చి ఇంజను ఆపాడు. వ్యాను కుయ్యి కుయ్యిమని మొదలుపెట్టింది. గేటు దగ్గర మరో ఇద్దరు ముగ్గురు తల్లులు పిల్లల కోసం నిలబడి ఉన్నారు. మేడమ్ "పెద్దమ్మా, లోపలికి వెళ్లి గిన్నెలు చూడు," అంది. పెద్దమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. బూజు కర్ర తెచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని వ్యాను దగ్గరికి లాక్కెళ్లింది.

"నువ్వు దిగు," అంది హడావిడితో. అతను దిగాడు.

ఆమె ముందు మెట్టెక్కి అక్కడే నిలబడింది. కర్ర చాపింది. మొదటి పోటు తప్పింది. రెండో పోటుకు మీట పడింది. వ్యాను నోరు మూసింది.

"రోజూ ఇలాగే ఆపుతాడమ్మా. ఈ పొద్దున కూడా ఇలాగే ఆపాడు," అంది పెద్దమ్మ. "నీ పిల్ల ఆ చివరి సీటు సందులో నిద్రపోతోంది. ఈ కర్ర దాని తల మీంచే పోయింది. తాళం వేసుకుని వెళ్లిపోయాడు. ముప్పావుగంట ఎండలో ఉంది. నేను కర్ర కోసం వెళ్తే కనపడింది. పిల్ల కోసం వెళ్లలేదు, కర్ర కోసం వెళ్లాను. అది కూడా పది నిమిషాలు పంతం పట్టి వెళ్లాను."

మేడమ్ ఏదో అనబోయింది. పెద్దమ్మ ఆమె వైపు తిరగలేదు.

"జ్వరం లేదు, సిరప్ లేదు. డాక్టరుకు ఎండలో ఆడిందని చెప్పారు. నువ్వు ఇప్పుడే పెద్దాస్పత్రికి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు. అక్కడ ఎవరైనా అడిగితే ఇదీ చెప్పు." కర్ర కొస తిప్పి తల్లి కళ్ల ముందు పెట్టింది. "ఈ ముడి నేను కట్టాను. వీళ్లెవరూ కాదు, నేనే. నవ్వుకుంటూ కట్టాను."

తల్లి పిల్లను భుజాన వేసుకుని వ్యాను ఎక్కింది. సీట్ల మధ్య నుంచి నడుచుకుంటూ చివరిదాకా వెళ్లింది. ఆ సందులోకి చూసింది. మీట వైపు చూసింది. పెద్దమ్మ ఆ అడుగులు లెక్కపెట్టింది. ఐదు.

వెనక నుంచి తల్లి తిరిగి చూసింది.

"నడవాల్సింది ఇంతేనా?" అని అడిగింది.

"ఇంతేనమ్మా," అంది పెద్దమ్మ.