కొట్టేసిన పేరు

హాజరు పిలిచే వేళకి పుల్లమ్మకి ప్రాణం మీదికి వచ్చేది.

రాఘవమ్మ టీచరుగారు రిజిస్టరు తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, "పద్మావతి... పార్వతి..." అంటూ దిగి వచ్చేసరికి ఈ పిల్ల తల బల్ల కిందికి పోయేది. "పుల్లమ్మ" అనగానే ముందు బెంచీల్లో కిసుక్కుమనేవాళ్ళు. ఆవిడ రూళ్ళకర్రతో బల్ల మీద ఒక్కటిచ్చేవారు. నవ్వు ఆగేది. మర్నాడు మళ్ళీ మామూలే. రోజూ ఇదే వరస అయితే పన్నెండేళ్ళ పిల్ల ఏమైపోవాలి చెప్పండి?

ఇది బందరులో ఒక ఆడపిల్లల బడి సంగతి. మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం మొదటిసారి వచ్చిన ఏడు. ఆడపిల్ల మూడో ఫారం దాకా చదవడమే ఆ రోజుల్లో గొప్ప. క్లాసుకి ముప్ఫై ఇద్దరు పిల్లలు, ఒక మానిటరు, గోడ మీద వంతుల పట్టిక. నల్లబల్ల ఎవరు తుడవాలి, మొక్కలకి నీళ్ళెవరు పోయాలి, అన్నీ అందులో రాసి ఉండేవి. శుక్రవారం చివరి పీరియడు క్లాసు సభ. పాటలు, పద్యాలు, ఉపన్యాసాలు. సభ పెట్టుకునేదీ పిల్లలే, చప్పట్లు కొట్టుకునేదీ పిల్లలే.

ఇంతకీ ఆ పేరు సంగతి చెప్పాలి. పుల్లమ్మ తల్లి బసవమ్మకి వరసగా నలుగురు పుట్టారు, నలుగురూ పోయారు. ఒకడైతే పేరు పెట్టేదాకా కూడా ఆగలేదు. అయిదో కాన్పులో ఇది పుడితే ఊళ్ళో ముసలమ్మలు ఊరుకుంటారా? పురుటి భోజనాలయ్యాక, తిని లేచిన విస్తళ్ళ మీద పసిగుడ్డుని దొర్లించారు. పొరుగింటావిడ ఎత్తుకుపోయి, చేటెడు తవుడు తీసుకుని మళ్ళీ తల్లికే ఇచ్చింది. ఎంగిలాకుల మీది పిల్లని యముడు మాత్రం ముట్టుకుంటాడా అని వాళ్ళ ధీమా. పుల్లాకంటే తిని పారేసిన విస్తరాకే కదా, అందుకని పుల్లమ్మ. పిల్ల బతికింది. ఇక ఆ పేరంటే బసవమ్మకి ఎంత గురో వేరే చెప్పాలా?

దివిసీమలో కోడూరు దగ్గర వాళ్ళ పల్లెలో వీధికో పుల్లమ్మ, వీధికో పెంటయ్య. ఎవరూ నవ్వరు. చదువు కోసం బందరొచ్చి, తాలూకా కచేరీలో గుమాస్తా పని చేసే మేనమామ ప్రకాశరావు ఇంట్లో ఉన్నాకే వచ్చింది చిక్కంతా.

క్లాసు మానిటరు త్రిపురసుందరి ప్లీడరుగారి అమ్మాయి. చెడ్డపిల్ల కాదు గానీ నోటికి అడ్డూ ఆపూ లేదు. టిఫిను వేళ పుల్లమ్మ వచ్చి పక్కన కూర్చుంటే చాలు, "జరగండే, అంతా ఎంగిలైపోతుంది!" అనేది. అందరూ విరగబడి నవ్వేవాళ్ళు. పక్క బెంచీ జోహ్రా ఒక్కతే నవ్వేది కాదు. "దానికి పనేం లేదు, నువ్వు తిను" అని తన డబ్బాలోంచి సేమ్యా తీసి పెట్టేది.

అసలు పుల్లమ్మకి పద్యం చదవడం బ్రహ్మాండంగా వచ్చు. గొంతెత్తిందంటే వరండాలో వెళ్ళేవాళ్ళు నిలబడిపోవాల్సిందే. కానీ ఏం లాభం? సభలో పేరు పిలిచాకే కదా లేచేది! ఆ పిలుపుకి భయపడి ఎప్పుడూ పేరు ఇచ్చేది కాదు. రాఘవమ్మగారు రెండుసార్లు అడిగి, "గొంతులో దాచుకుని ఏం చేసుకుంటావే?" అని విసుక్కున్నారు.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం ఆవిడ రిజిస్టరు మీద చెయ్యి పెట్టి, "పేర్లన్నీ సరిచూసుకోండి. ఈ నెలాఖరుకి జాబితా ఆఫీసుకి వెళ్ళిపోతుంది. ఆ తరవాత స్కూలు ఫైనలు సర్టిఫికెట్టు దాకా అదే పేరు. మార్చాలంటే ఇంటి నుంచి ఉత్తరం తేవాలి" అన్నారు.

నెలాఖరుకి ఎన్ని రోజులుందో పుల్లమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. జన్మంతా పుల్లాకే!

అమ్మనడిగి లాభం లేదని దానికి తెలుసు. దసరాకి ఇంటికెళ్ళినప్పుడు పేరు మార్చుకుంటానని మెల్లిగా అంటే, బసవమ్మ చెయ్యి అడ్డం పెట్టి నోరు మూసేసింది. "ఆ మాట అనకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను. ఆ పేరే నిన్ను కాసింది" అని, ఆ పూట కూడు ముట్టలేదు. అందుకని పిల్ల మేనమామ దగ్గర చేరి ఏడ్చింది. ప్రకాశరావు కొత్తకాలం మనిషి. "మా అక్కయ్యవన్నీ పిచ్చి భయాలు. ఏం పేరు కావాలే నీకు?" అన్నాడు.

"ఇందిరాదేవి" అంది తడుముకోకుండా. ఎన్నాళ్ళ నుంచి అనుకుంటోందో!

ఆయన ఉత్తరం రాసి సంతకం పెట్టి, "మీ అమ్మకి మాత్రం చెప్పకు, నా ప్రాణం తీస్తుంది" అన్నాడు.

రాఘవమ్మగారు ఉత్తరం చదివి, పిల్ల మొహంలోకి ఓసారి చూసి, ఎర్రసిరాతో పాత పేరు అడ్డంగా కొట్టేసి పైన కొత్త పేరు రాశారు. త్రిపురసుందరి మానిటరు కదా, పక్కనే నిలబడి అంతా చూసింది. మర్నాటి నుంచి "ఇందిరాదేవి" అని పిలుస్తుంటే ఎవ్వరూ నవ్వలేదు. వంతుల పట్టికలో ఇందిరాదేవి. నోటుబుక్కుల అట్టల మీద ఇందిరాదేవి. త్రిపురసుందరి కూడా టిఫిను వేళ పక్కన చోటు చూపించి, "రావే ఇందిరా" అంది. పిల్లకి నేల మీద కాలు ఆనితే ఒట్టు. రెండు వారాలయ్యాక, శుక్రవారం సభకి మొదటిసారి తన పేరు తనే వెళ్ళి ఇచ్చింది.

ఆ శుక్రవారం రానే వచ్చింది. సభ సగంలో ఉండగా హెడ్మిస్ట్రెసుగారు పిలిచారని రాఘవమ్మగారు ఆఫీసుకి వెళ్ళారు. త్రిపురసుందరి టీచరు కుర్చీలో కూర్చుని అగ్రాసనాధిపత్యం వెలగబెడుతోంది. ఇంకొక్క పాట అయితే ఇందిరాదేవి పద్యం. అది మూడో బెంచీలో కూర్చుని, జోహ్రా చెయ్యి పట్టుకుని, పెదవులు కదుపుతూ మననం చేసుకుంటోంది.

గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు.

మోకాళ్ళ దాకా బురద. జుట్టంతా రేగిపోయింది. బసవమ్మ! పొద్దున్న రేవులో ఎవరో, బందరులో కలరా పట్టుకుందిట, పిల్లలు పిట్టల్లా రాలిపోతున్నారుట అన్నారు. అంతే, కట్టుబట్టలతో పడవెక్కేసింది. బస్సు దిగి, తమ్ముడింటికి కూడా వెళ్ళకుండా తిన్నగా బడికి వచ్చిపడింది. ఎండలోంచి వచ్చిన కళ్ళకి గదిలో అంతా చీకటి. ముప్ఫై ఇద్దరిలో ఎవరెవరో ఆనడం లేదు.

"అమ్మా, పుల్లమ్మ... మా పుల్లమ్మ ఉందా తల్లీ?" అంది ఆయాసపడుతూ.

పిల్లకి అమ్మ కనపడనే కనపడింది. లేవాలి. లేవలేదు. లేస్తే మళ్ళీ పుల్లమ్మ అయిపోతుంది. బురద కాళ్ళ అమ్మ, ఎంగిలాకు పేరు, అందరి నవ్వులు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఆగింది. దాన్ని తిట్టబుద్ధి వేస్తుంది గానీ, ఆ వయసులో మనమైతే ఏం చేసేవాళ్ళం?

ఈలోగా త్రిపురసుందరి లేచి నిలబడింది. వెక్కిరించాలని కాదు పాపం. మానిటరు కదా, ఉన్నదున్నట్టు చెప్పాలి.

"పుల్లమ్మ ఇప్పుడు లేదండీ. పదిహేను రోజులైంది. రిజిస్టర్లో పేరు కొట్టేశారు" అంది.

బసవమ్మ ఏడవలేదు, అరవలేదు. "లేదా" అంది. ఇంకోసారి, "ఇది కూడానా" అంది. గుమ్మం పట్టుకునే కిందికి జారిపోయింది.

"అమ్మా!"

బెంచీల మీంచి ఎలా దూకిందో దానికే తెలీదు. "అమ్మా, నేనే! పుల్లమ్మని! ఉన్నానమ్మా, ఇదిగో, చూడు!" అని ఆ చేతులు తీసి తన మొహానికి రాసుకుంది. బసవమ్మ చెంపలు తడిమింది, భుజాలు తడిమింది, కాళ్ళు తడిమింది. ఉందని రూఢి అయ్యాక చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ తరవాత ఒళ్ళోకి లాక్కుని, క్లాసు క్లాసంతా బిక్కచచ్చిపోయేట్టు ఏడ్చింది.

రాఘవమ్మగారు పరుగున వచ్చారు. మంచినీళ్ళు పట్టించి, సంగతంతా విని, ఆవిడ కూడా అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. చావు కబురు ఎలా ఉంటుందో ఎరిగిన మనిషే ఆవిడా.

"టీచరుగారండీ, నా పాత పేరే రాసెయ్యండి" అంది పిల్ల వెక్కుతూ.

"జాబితా నిన్ననే ఆఫీసుకి వెళ్ళిపోయిందే అమ్మా. ఇక నా చేతుల్లో లేదు" అన్నారావిడ, తప్పు తనదే అన్నట్టు.

బసవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కూతుర్ని చూసింది. "కాయితంలో ఏముంటే నాకేం పంతులమ్మగారూ, నాకు చదవటం వచ్చా? దాని ముచ్చట దాన్ని తీర్చుకోనివ్వండి. యముడు మాత్రం మీ రిజిస్టరు చూస్తాడా ఏవిటి! నోటితో మాత్రం అప్పుడప్పుడు ఆ పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. వాడి చెవిన పడితే చాలు" అంది. పొద్దుగూకేలోగా రేవు దాటాలని, ఎంత ఉండమన్నా వినకుండా లేచింది. వెళ్తూ వెళ్తూ త్రిపురసుందరి తల నిమిరింది.

అది అప్పటికే కళ్ళు వాచేట్టు ఏడుస్తోంది. కిటికీ దగ్గర నిలబడి తల్లి వెళ్ళేవైపే చూస్తున్న పిల్ల దగ్గరికి మెల్లిగా వచ్చి, చెయ్యి పట్టుకుంది.

"నిన్నింక ఏమని పిలవనే?"

"పుల్లమ్మ అనే పిలువు" అంది పిల్ల, కిటికీ ఊచలు వదలకుండా. "గట్టిగా పిలవ్వే. మా అమ్మ ఇంకా గేటు దాటలేదు."